టీవీ కామెడీలో నటించాలా, రాయాలా, రెండూ చేయాలా?

టీవీ కామెడీలోకి రావాలనుకునే వాళ్లలో ఎక్కువమందికి ముందు గుర్తొచ్చేది కెమెరా ముందు నిలబడటమే. రాయడం సంగతి 'వేషాలు దొరక్కపోతే అప్పుడు చూద్దాం' అని పక్కన పెడతారు. నేను మాత్రం, రెండూ కాస్తో కూస్తో వచ్చిన వాళ్లని ముందు రచయితగా లోపలికి వెళ్లమంటాను. ఇది అందరికీ సరిపడే సలహా కాదు. కొందరికి నటన ఒక్కటే సరైన దారి. ఇంకొందరికి తమ వేషం తాము రాసుకోక తప్పదు. మీరు ఏ కోవలోకి వస్తారో తేల్చుకోవడానికి పనికొచ్చే విషయాలు ఇక్కడ చెబుతాను. ఉదాహరణలన్నీ అమెరికా, బ్రిటన్ టీవీ నుంచే తీసుకున్నాను. ఈ రెండు వృత్తులూ కలిసి నడిచిన చరిత్ర అక్కడ బాగా నమోదై ఉంది.

పేరు, డబ్బు, జనం గుర్తుపట్టడం వంటివి కొలతగా పెట్టుకుంటే ఈ నిర్ణయం ఎప్పటికీ తెగదు. మామూలు రోజున, ఎవరూ చూడనప్పుడు, ఏ పని చేస్తూ గంటలు గడపగలరో చూసుకోండి. రచయితకైతే ఒక గదిలో కూర్చుని ఒకే సీనుని పదిసార్లు విప్పి కట్టడం. నటుడికైతే ఆడిషన్లు, ఎదురుచూపులు, రిహార్సల్, ఒకే డైలాగుని ఆరు టేకుల్లోనూ అప్పుడే తట్టినట్టు చెప్పడం. ఇందులో ఏది మిమ్మల్ని అలసటలోనూ కూర్చోబెడుతుందో మీకు తెలిసే ఉంటుంది.

నటన ఒక్కటే చాలనుకుంటే

నటుడికి పని మొదలవ్వాలంటే ఎవరో ఒకరు పిలవాలి. రచయిత ఈ రాత్రే కూర్చుని స్కెచ్ (కొన్ని నిమిషాల హాస్య సన్నివేశం) రాసుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. రెండు దారుల మధ్య ఇంతకంటే పెద్ద తేడా లేదు. పిలుపు కోసం కాచుకుని ఉండటం మనిషిని లోపల నుంచి తినేస్తుంది. ఆ ఓర్పు లేనివాళ్లు నటన ఒక్కదాన్నే నమ్ముకోకపోవడం మంచిది.

అయితే నటన తక్కువ పనేమీ కాదు. 1951 నుంచి 1957 వరకు నడిచిన 'ఐ లవ్ లూసీ'కి అందులో ప్రధాన పాత్ర వేసిన లూసిల్ బాల్ రచయిత్రి కాదు. స్క్రిప్టులు మొదట్లో జెస్ ఒపెన్‌హైమర్, మాడెలిన్ ప్యూ, బాబ్ కారల్ జూనియర్ రాసేవారు. లూసీ పాత్ర చేయాల్సిన విన్యాసాలను మాడెలిన్ ప్యూ ముందుగా తానే చేసి చూసేవారు, ఒక ఆడమనిషి అది చేయగలదా లేదా అని. ఆ తర్వాత లూసిల్ బాల్ దాన్ని పట్టుకుని, వస్తువు ఎక్కడ పెట్టాలి, చూపు ఎప్పుడు తిప్పాలి అన్నంత వరకు రిహార్సల్ చేసేవారు. రాసినవాళ్లు లేకపోతే ఆ సీను లేదు, ఆమె లేకపోతే ఆ నవ్వు లేదు. ఇంత ఓపికగా ఇంకొకరి మాటల్ని సొంతం చేసుకోగలిగితే, రాయడం రాలేదని మీరు బాధపడాల్సిన పని లేదు.

ప్రేక్షకుల ముందు తీసే మల్టీకెమెరా కామెడీల్లో నటుడికి ఇంకో పరీక్ష ఉంటుంది. ఒక జోక్‌కి జనం నవ్వకపోతే రచయితలు సెట్‌లోనే చర్చించుకుని కొత్త లైన్ తెచ్చి ఇస్తారు. కొన్ని నిమిషాల్లో దాన్ని మనసుకెక్కించుకుని, పాత్ర మారకుండా చెప్పాలి. నాటకాల నుంచి వచ్చినవాళ్లకి ఇది సులువుగా అబ్బుతుంది. సింగిల్ కెమెరా షోల్లో నవ్వేవాళ్లు ఎదురుగా ఉండరు. అక్కడ పంచ్‌ని గట్టిగా కొట్టడం కంటే మొహంలో చిన్న మార్పుతో తేల్చేయడం ముఖ్యం. ఆడిషన్‌కి వెళ్లేముందు ఆ షో ఈ రెండింటిలో ఏ రకమో తెలుసుకోండి.

సంపాదన సంగతి చెప్పాలంటే, నటుల్లో పైవాళ్లకీ కిందివాళ్లకీ మధ్య అగాధం ఉంది. 'ఫ్రెండ్స్'లో ఆరుగురు ముఖ్య నటులూ కలిసికట్టుగా బేరమాడి, చివరి రెండు సీజన్లలో ఒక్కొక్కరు ఎపిసోడ్‌కి 10 లక్షల డాలర్లు తీసుకున్నారు. ఆ కథ చదివి ఈ వృత్తిలోకి రావద్దు. అందులో నేర్చుకోవాల్సింది ఆ అంకె కాదు, వాళ్లు విడివిడిగా కాకుండా కలిసి బేరమాడటం.

రచయితల గదిలో కూర్చుంటే

అమెరికాలో నెట్‌వర్క్ కామెడీ సీజన్ అంటే సంప్రదాయంగా సుమారు 22 ఎపిసోడ్లు. ఒక్కరు కూర్చుని రాసే పని కాదు కాబట్టి రచయితల గది పుట్టింది. 1950 నుంచి 1954 వరకు ప్రతి శనివారం గంటన్నర పాటు లైవ్‌లో వచ్చిన 'యువర్ షో ఆఫ్ షోస్' గది అందరికీ గుర్తుండిపోయింది. మెల్ బ్రూక్స్, నీల్ సైమన్, లూసిల్ కాలెన్ లాంటివాళ్లు అక్కడ రాశారు. కార్ల్ రైనర్ నటుడిగా చేరి, ఆ గదిలోనే ఎక్కువసేపు గడిపి, రాయడం నేర్చుకున్నారు.

గదిలో పని అంటే మీ ఆలోచన మీది కాకుండా పోవడం. మీరు చెప్పిన జోక్‌ని ఇంకొకరు తిప్పుతారు, మూడో మనిషి కుదిస్తారు, చివరికి షోరన్నర్ (షో మొత్తాన్ని నడిపే ప్రధాన రచయిత) కొట్టేస్తారు. టైటిల్స్‌లో పేరు ఒకరిదే పడుతుంది, లోపల పదిమంది మాటలుంటాయి. దీనికి నొచ్చుకునే స్వభావం ఉన్నవాళ్లు అక్కడ నిలవలేరు. కానీ కామెడీ ఎందుకు పేలుతుందో, ఎందుకు తుస్సుమంటుందో ఇంత త్వరగా నేర్పే చోటు ఇంకొకటి నాకు తెలియదు. నేను రచయితగా ముందు వెళ్లమని చెప్పడానికి మొదటి కారణం ఇదే. నటుడికి తన సీను మాత్రమే కనిపిస్తుంది. గదిలో కూర్చున్నవాళ్లకి ఎపిసోడ్ మొత్తం, ఆ పైన సీజన్ మొత్తం కనిపిస్తుంది.

రెండో కారణం వయసు. గదిలో మీ మొహం ఎలా ఉందన్నది ఎవరికీ పట్టదు. లారీ డేవిడ్ 1984-85లో అమెరికా స్కెచ్ కామెడీ షో 'సాటర్డే నైట్ లైవ్'లో రచయితగా ఒక్క సీజన్ పనిచేశారు, ఆయన రాసినవి తెరమీదకి వచ్చింది చాలా తక్కువ. తర్వాత జెర్రీ సైన్‌ఫెల్డ్‌తో కలిసి 'సైన్‌ఫెల్డ్' సృష్టించారు. ప్రధాన పాత్రలో సొంత షో మొదలుపెట్టేసరికి ఆయనకి 53 ఏళ్లు. బాబ్ ఓడెన్‌కర్క్ కూడా మొదట 'సాటర్డే నైట్ లైవ్' రచయితే. ఆయన ప్రధాన పాత్ర వేసిన 'బెటర్ కాల్ సాల్' 2015లో మొదలైనప్పుడు ఆయనకి 52. రాయడం వీళ్లని ఏళ్ల తరబడి పరిశ్రమలో నిలబెట్టింది. నటుడిగా మాత్రమే వచ్చినవాడికి అంతకాలం ఎదురుచూసే వీలు దొరకడం అరుదు.

గదిలో చోటు కావాలంటే చేతిలో స్క్రిప్టు ఉండాలి. ఒకప్పుడు నడుస్తున్న ఏదో ఒక షోకి నమూనా ఎపిసోడ్ రాసి చూపించేవారు. ఇప్పుడు ఎక్కువగా అడిగేది సొంత పైలట్, అంటే కొత్త షోకి తొలి ఎపిసోడ్. సింగిల్ కెమెరా అరగంట షోకి సుమారు 30 పేజీలు. మల్టీకెమెరా స్క్రిప్టులో డైలాగుల మధ్య ఖాళీ ఎక్కువ వదులుతారు కాబట్టి పేజీలు ఇంకా పెరుగుతాయి. ఆలోచనలు వంద ఉన్నా, చివరి పేజీ వరకు రాసిన పైలట్ లేకపోతే మీరు ఇంకా రచయితల లెక్కలోకి రారు.

రెండూ చేయాలంటే ముందు ఎపిసోడ్లు లెక్కపెట్టండి

ఈ విషయం మీద ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఆశపడేదీ, తొందరపడేదీ ఇక్కడే.

తమ షో తామే రాసి నటించిన వాళ్ల పేర్లు చెప్పమంటే జాన్ క్లీజ్, రికీ జెర్వైస్, ఫీబీ వాలర్-బ్రిడ్జ్ పేర్లు వెంటనే వస్తాయి. వాళ్ల షోల పొడవు చూడండి. క్లీజ్, నటి కోనీ బూత్ కలిసి రాసి నటించిన 'ఫాల్టీ టవర్స్' మొత్తం 12 ఎపిసోడ్లు. 1975లో ఆరు, 1979లో ఆరు, మధ్యలో నాలుగేళ్లు. జెర్వైస్, స్టీఫెన్ మర్చంట్‌ల 'ది ఆఫీస్' రెండు సిరీస్‌లు కలిపి 12, ఆపైన క్రిస్మస్ స్పెషల్. 'ఫ్లీబ్యాగ్' కూడా 2016లో ఆరు, 2019లో ఆరు. బ్రిటన్‌లో ఆరు ఎపిసోడ్ల పద్ధతి ఉండటం వల్లే ఒకరిద్దరు కూర్చుని ప్రతి స్క్రిప్టునూ వారాల తరబడి చెక్కుకుని, తర్వాత రచయిత టోపీ తీసేసి సెట్‌లోకి వెళ్లగలిగారు.

అదే 'ది ఆఫీస్' 2005లో అమెరికాకి వెళ్లాక పని పంపకం మారిపోయింది. ప్రధాన పాత్ర వేసిన స్టీవ్ కరెల్ తాను నటించిన ఏడు సీజన్లలో రెండే ఎపిసోడ్లు రాశారు. రాస్తూ నటించిన మిండీ కేలింగ్, బి.జె. నోవాక్, పాల్ లీబర్‌స్టీన్ ముగ్గురివీ చిన్న పాత్రలు. ప్రతి సీనులోనూ ఉండాల్సిన మనిషికి గదిలో కూర్చునే సమయం ఉండదు, గదిలో ఉండాల్సిన మనిషికి ప్రతి సీనులో కనిపించే తీరిక ఉండదు. ఎక్కువ ఎపిసోడ్ల షోలో రెండూ చేయాలంటే ఇలా చిన్న పాత్ర తీసుకోవడం చాలా తెలివైన ఒప్పందం. కేలింగ్ 24 ఏళ్ల వయసులో అక్కడ చేరి, రాయడం, నటించడం, షో నడిచే తీరు అన్నీ చూసి, 2012లో సొంత షోకి ప్రధాన పాత్రగా వెళ్లారు.

పెద్ద సీజన్లలో ప్రధాన పాత్ర, ప్రధాన రచన రెండూ మోసినవాళ్లు లేకపోలేదు. టీనా ఫే '30 రాక్'లో ఏడు సీజన్లు అలాగే చేశారు. కానీ ఆమె వెనుక గట్టి రచయితల గది ఉంది, షో నడిపే బాధ్యత పంచుకోవడానికి రాబర్ట్ కార్లక్ ఉన్నారు. అంతకుముందే ఆమె 1997లో 'సాటర్డే నైట్ లైవ్'లో రచయితగా చేరి, 1999లో హెడ్ రైటర్ అయి, 2000లో ఆ షోలోని వ్యంగ్య వార్తల డెస్క్ దగ్గర తెరమీదకి వచ్చారు. అంటే మూడేళ్లు రచయితగా పనిచేశాకే కెమెరా. షికాగోలో సెకండ్ సిటీ వేదిక మీద నటించిన అనుభవం ఉన్నా సరే, టీవీలో ఆమె ముందు రాయడం నుంచే మొదలుపెట్టారు.

రెండూ మొదలుపెట్టి ఒకటి వదిలేయడంలో ఓటమి ఏమీ లేదు. 'బ్లాక్‌యాడర్' మొదటి సిరీస్‌ని 1983లో రిచర్డ్ కర్టిస్‌తో కలిసి రోవన్ అట్కిన్సన్ రాశారు. 1986లో వచ్చిన రెండో సిరీస్ నుంచి ఆయన రాయడం మానేశారు, కర్టిస్‌తో బెన్ ఎల్టన్ చేరారు. ఆ తర్వాతే ఆ పాత్ర పదునెక్కిందని చాలామంది ప్రేక్షకుల అభిప్రాయం, నాదీ అదే. తన మాట మాట్లాడే భారం దిగిపోయాక ఆయన ప్రతి పదాన్నీ చెప్పే తీరు మీదే మనసు పెట్టగలిగారు.

మీరు రాసింది మీరు లేకుండా నిలుస్తుందా?

నటుడు రాసిన స్క్రిప్టుకి ఒక చిక్కు ఉంది. తనే చదివితే నవ్వొస్తుంది. కాబట్టి ఆ నవ్వు రాతకి వచ్చిందా, గొంతుకి వచ్చిందా అన్నది తెలియదు. స్నేహితులకు చదివి వినిపించి, వాళ్లు పడీపడీ నవ్వారని నమ్మేసి, కాగితం మీద అదే స్క్రిప్టు ఒక నిర్మాత చదివితే ఏమీ అనిపించకపోవడం మామూలుగా జరిగేదే.

రానీ బార్కర్ దీనికి అందమైన పరిష్కారం కనిపెట్టారు. అప్పటికే పేరున్న నటుడైన ఆయన 1960ల చివర్లో 'ఫ్రాస్ట్ ఆన్ సండే' కార్యక్రమానికి జెరాల్డ్ వైలీ అనే మారుపేరుతో స్కెచ్‌లు పంపేవారు. తన పేరు చూసి మొహమాటానికి తీసుకోకూడదని, రాత బాగుంటేనే తీసుకోవాలని ఆయన ఉద్దేశం. ఈ వైలీ ఎవరా అని అందరూ రకరకాలుగా ఊహించుకున్నారు. చివరికి వైలీ విందుకి పిలుస్తున్నాడంటే అంతా వెళ్లారు, అక్కడ బార్కర్ లేచి నిలబడి అది తానేనని చెప్పారు. తర్వాత 'ది టూ రానీస్'లో ఎంతో పేరు తెచ్చుకున్న, హార్డ్‌వేర్ దుకాణంలో జరిగే 'ఫోర్ క్యాండిల్స్' స్కెచ్ కూడా ఆ వైలీ పేరుతో రాసిందే.

కార్ల్ రైనర్‌కి ఇదే పరీక్ష వేరేవాళ్లు పెట్టారు. ఒక టీవీ కామెడీ రచయిత కుటుంబం మీద తనే స్క్రిప్టులు రాసి, ప్రధాన పాత్ర తనే వేసి, 1960లో పైలట్ ప్రసారం చేయించారు. ఎవరూ సిరీస్‌గా తీసుకోలేదు. నిర్మాత షెల్డన్ లెనార్డ్ ఆ స్క్రిప్టుల్లో సత్తా ఉందని నమ్మారు, కాకపోతే ముఖ్యపాత్రకి ఇంకో నటుడు కావాలన్నారు. రైనర్ పక్కకి తప్పుకున్నారు. డిక్ వాన్ డైక్ వచ్చారు. అది 'ది డిక్ వాన్ డైక్ షో'గా 1961 నుంచి 1966 వరకు 158 ఎపిసోడ్లు నడిచింది. రైనర్ అందులో అలన్ బ్రేడీ అనే చిన్న పాత్ర వేస్తూ, రాస్తూ కొనసాగారు. తనకోసం రాసుకున్న పాత్రని ఇంకొకరికి ఇవ్వగలగడం ఎంత కష్టమో రాసినవాళ్లకి తెలుసు. ఆయన మీద నాకున్న గౌరవంలో సగం దానికే.

మీరూ ఇది చేసి చూడండి. మీ స్కెచ్ ఒకటి మీకు అంతగా తెలియని నటుడికి ఇచ్చి, ఏమీ వివరించకుండా చదవమనండి. మీరు ఆ గదిలో లేకపోతే మరీ మంచిది. నవ్వు వస్తే మీరు రచయితే. రాకపోతే, ఇంకెవరో రాసిన సాదాసీదా డైలాగుల్ని మీరు చదివి చూడండి. దానికి జనం నవ్వితే మీ బలం నటనలో ఉంది, అటే వెళ్లండి. రెండుసార్లూ నవ్వు వచ్చిందా? అప్పుడే రెండూ చేసే మూడో దారి గురించి ఆలోచించండి.

వేషాలే రానివాళ్ల సంగతి

నా సలహాకి ఒక పెద్ద మినహాయింపు ఉంది. మీలాంటి మనిషిని ఎవరూ పాత్రగా ఊహించని పరిస్థితిలో మీరుంటే, గదిలో వరుస వచ్చేదాకా ఆగకండి. మీ పాత్ర మీరే రాసుకోండి, చిన్నగా మొదలుపెట్టండి. ఇస్సా రే 2011లో వెబ్ సిరీస్‌తో మొదలుపెట్టారు, 2016లో 'ఇన్‌సెక్యూర్' వచ్చింది. వాలర్-బ్రిడ్జ్ 2013లో ఎడిన్‌బరో ఫ్రింజ్ నాటకోత్సవంలో ఒంటరిగా ఆడిన నాటకమే తర్వాత 'ఫ్లీబ్యాగ్' అయింది. 2019 ఎమ్మీల్లో ఆమెకి నటనకీ, రచనకీ విడివిడిగా అవార్డులొచ్చాయి. క్వింటా బ్రన్సన్ ఆన్‌లైన్ చిన్న వీడియోలతో గుర్తింపు తెచ్చుకుని 'ఆబట్ ఎలిమెంటరీ' సృష్టించారు, ఆమెకీ రెండు విభాగాల్లోనూ ఎమ్మీ ఉంది. మొదట్లో వీళ్లెవరూ పెద్ద సెట్లు, పెద్ద తారాగణం అడగలేదు. ఒక మనిషి, ఒక గొంతు, కొద్దిపాటి ఖర్చు, అంతే. తమ మొహం చూస్తే తప్ప అర్థంకాని పాత్రల్ని రాసుకున్నారు కాబట్టి వాళ్ల విషయంలో రాతనీ నటననీ విడదీసి పరీక్షించే పని లేదు.

స్కెచ్ బృందం కూడా ఇలాంటివాళ్లకి మంచి చోటు. బ్రిటన్ కామెడీ బృందం మాంటీ పైథాన్‌లో రచయితలు జంటలుగానో ఒంటరిగానో రాసుకొచ్చి, అందరి ముందూ చదివేవారు. అందరికీ నవ్వు తెప్పించినవే ఉంచేవారు. ఎవరు ఏ వేషం వేయాలన్నది ఆ తర్వాతే. మీరు బృందం కట్టుకుంటే ఈ వరుస మార్చకండి. వేషాలు ముందు పంచుకుంటే ఎవరి వేషానికి వాళ్లు లైన్లు పెంచుకోవడం మొదలవుతుంది. విక్టోరియా వుడ్ 'డిన్నర్‌లేడీస్' 16 ఎపిసోడ్లూ తానే రాసి, తానే నటించి కూడా మంచి లైన్లు మిగతా నటులకి పంచేవారు. షో నిలిచింది అందుకే.

ఒప్పందం దగ్గర

రెండూ చేస్తే రెండు ఆదాయాలు, కాబట్టి భద్రత ఎక్కువ అని కొందరు అంటారు. 2023లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. అమెరికాలో రచయితల సమ్మె మే 2 నుంచి సెప్టెంబర్ 27 వరకు 148 రోజులు, నటుల సమ్మె జూలై 14 నుంచి నవంబర్ 9 వరకు 118 రోజులు నడిచాయి. రెండు సంఘాల్లోనూ ఉన్నవాళ్లకి మే నుంచి నవంబర్ దాకా ఏదో ఒక వైపు పని ఆగిపోయింది. రెండు ఆదాయాలూ ఒకే పరిశ్రమ నుంచి వస్తున్నప్పుడు దాన్ని భద్రత అనుకోకూడదు. బయట వేరే ఆధారం ఏదైనా పెట్టుకోండి.

నటించడానికీ రాయడానికీ ఒప్పందాలు విడివిడిగా రాయించుకోండి. 'నటుడే కదా, సెట్‌లో రెండు లైన్లు చెప్పాడు' అని రచన ఉచితంగా పోయేది ఇలాంటి చోటే. సెట్‌లో అప్పటికప్పుడు అల్లిన మాటలకి సాధారణంగా రచయితగా పేరు పడదు. లారీ డేవిడ్ 'కర్బ్ యువర్ ఎన్థూజియాజమ్'లో డైలాగులు చాలావరకు నటులే అల్లేవారు, ఎపిసోడ్ కథ రాసిన పేరు మాత్రం కథ రాసినవాళ్లదే. అక్కడ అది ముందే అందరికీ తెలిసిన పద్ధతి. మీ షోలో ముందుగా మాట్లాడుకోకపోతే తర్వాత గొడవ అవుతుంది. షో ఆలోచన మీదైతే, మీరు తప్పుకున్నాక కూడా సృష్టికర్తగా మీ పేరు, దానికి ఎపిసోడ్ ఎపిసోడ్‌కీ రావాల్సిన డబ్బు ఉంటాయా అన్నది సంతకానికి ముందే తెలిసినవాళ్లతో చదివించుకోండి.

రచయితల గదిలో ఉన్నప్పుడు ఎప్పుడో ఒకరోజు 'ఈ పాత్ర నువ్వే వెయ్యి' అంటారు. వారానికి ఒకటి రెండు సీన్ల పాత్ర అయితే వెంటనే ఒప్పుకోండి. ప్రధాన పాత్ర అయితే, ఆ సీజన్‌లో మీ పేరు మీద ఉన్న స్క్రిప్టులు ఎవరు పూర్తి చేస్తారని ముందు అడగండి. దానికి సూటిగా జవాబు రాకపోతే ఆ సీజన్‌కి గదిలోనే ఉండిపోండి.